అరవడానికి ఒక మనిషన్నా ఉండాల

తిరుపతిలో ఏ ఆటో ఆయన్నైనా ఆపి "ఆంధ్రా బ్యాంకు కాడ దించు నాయనా" అనండి. ఏ ఆంధ్రా బ్యాంకు అని ఎదురు అడగడు, తీసకపోయి దించుతాడు. ఆ పేరుతో ఉండిన బ్యాంకు 2020 ఏప్రిల్ 1న లేకుండా పోయింది. బోర్డు మీద యూనియన్ బ్యాంకు, పాసుబుక్కు మీద యూనియన్ బ్యాంకు, ఫోనుకొచ్చే మెసేజీలోనూ అదే. జనం నోట్లో మాత్రం ఇంకా ఆంధ్రా బ్యాంకే. ఢిల్లీ వాళ్ళ గెజిట్టు మా ఆటోస్టాండు దాకా రాలేదు.

"పేరు మారితే నీకేం నష్టం మామా, నీ డబ్బు నీకు ఉంది గదా" అంటాడు మా మేనల్లుడు. వాడు బ్యాంకు ఉద్యోగి. ఏ బ్యాంకో చెప్పను. చెప్పినా ఇది అచ్చయి మీ చేతికొచ్చేసరికి అది ఇంకోదాంట్లో కలిసిపోయి ఉండొచ్చు.

పేరు పోయినందుకు కాదురా నా ఏడుపు అంటే వాడికి ఎక్కదు. మా రోజుల్లో ఈ బ్యాంకు ఎవరిది అని అడిగితే మాలో సగం మందికి జవాబు తెలీదు. కానీ కోపమొస్తే ఎవరి మీద అరవాల్నో అందరికీ తెలుసు. ఇప్పుడు యజమాని ఎవరో శాతాలతో సహా కాగితం మీద ఉంది. అరుద్దామంటే మనిషి దొరకడు.

నేను చిత్తూరు బెల్లం మండీలో గుమాస్తా పని చేసినోణ్ణి. తెల్లారకముందే బండ్లు దిగేవి. దిమ్మెలు దించడం, రంగు చూడడం, కాటా, చీటీ. పది కొట్టేసరికి గుడ్డసంచిలో డబ్బు, జేబులో బయటూరి పార్టీల డ్రాఫ్టులు పెట్టుకొని బ్యాంకు మెట్లెక్కాల. చెక్కు ఇస్తే నెంబరు చెక్కిన ఇత్తడి టోకెను చేతిలో పెట్టేవాళ్ళు. లోపల ఒకాయన లెడ్జరును రెండు చేతులా మోసుకొచ్చి బల్ల మీద పరిచి, వేలు పెట్టి వెతికేవాడు. సంతకం కుదరలేదంటే క్యాషియరు జాలీ వెనకనుంచి తల ఎత్తి, "ఏమబ్బా, రాత్రి నిద్ర లేదా, వంకరపోయింది" అని ఇంకోటి పెట్టించుకొనేవాడు. డ్రాఫ్టు ఆలస్యమైతే మండీ ఆసామి నన్ను తిట్టేవాడు. నేను పోయి మేనేజరు గది ముందర అరిచేవాణ్ణి. ఆయన మద్రాసుకు ట్రంకాల్ బుక్ చేసి అక్కడ ఇంకెవరి మీదో అరిచేవాడు. మూడు అరుపుల్లో పని అయిపోయేది.

ఇప్పుడు చూడండి. మొన్నామధ్య ఒక బ్యాంకులో నా ఖాతా నిలిపేసినారు. కౌంటరులో అమ్మాయి "సిస్టం తీసుకోవడం లేదు సార్" అంటుంది. మేనేజరు పిల్లోడు, ఏ బీహారు నుంచో వచ్చినాడు, నేర్చుకున్న నాలుగు తెలుగు ముక్కలతో "పైనుంచి రావాలి అంకుల్" అంటాడు. వాడి మొహం చూస్తే అరవబుద్ధి కాదు. మూడేళ్ళు తిరక్కముందే వాణ్ణి ఇంకోచోటికి ఎత్తేస్తారు. టోల్ ఫ్రీ నెంబరుకు చేస్తే, నేను అరిచే లోపల పాట పెట్టినారు. అరుపు మీద పాట పెట్టడం మా కాలంలో ఎవరికీ తోచలేదు.

సరే, యజమాని సంగతికి వస్తా.

మా చిత్తూరోళ్ళకు బ్యాంకంటే మొదట్నించీ మద్రాసు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే దాకా చిత్తూరు ఊరే ఉత్తర ఆర్కాటు జిల్లాకు కేంద్రం. కోర్టులు, ప్లీడర్లు, పింఛనుదార్లు అందరూ ఈడే, వాళ్ళ చూపంతా మద్రాసు మీదే. ఆ మద్రాసులో అర్బత్‌నాట్ కంపెనీ అని తెల్లదొరల కొట్టు ఒకటుండేది. వ్యాపారంతో పాటు డిపాజిట్లు కూడా తీసుకొనేది. 1906 అక్టోబరు 22న తలుపులు మూసేసింది. రాజధాని నిండా ఎన్ని సంసారాలు గోడు గోడుమన్నాయో! దాని పెద్ద సర్ జార్జ్ అర్బత్‌నాట్‌కు 18 నెలల జైలు పడింది. పేరు పక్కన సర్ ఉన్న దొరను జైలుకు పంపించిన కాలం అది. ఇప్పటి ఎగవేతదార్లను తల్చుకుంటే బ్రిటిషోడే కొంచెం నయమా అనిపిస్తుంది. నా నోటితో ఈ మాట అనాల్సి వస్తా ఉంది చూడండి!

దొరల్ని నమ్మి చెడినాం, మన బ్యాంకు మనమే పెట్టుకుందాం అని వకీలు వి. కృష్ణస్వామి అయ్యరు, ఆయన వెంట చెట్టియార్లు పూనుకొంటే పుట్టింది ఇండియన్ బ్యాంకు. 1907 ఆగస్టు 15న వ్యాపారం మొదలెట్టింది. స్వదేశీ రోజులు. మా జిల్లాకు లీడ్ బ్యాంకు అదే అయింది. పంట రుణాల లెక్క మొదలుకొని కలెక్టరు దగ్గర మీటింగు దాకా పెద్దరికం దానిదే.

ఇక ఆంధ్రా బ్యాంకు. నిజం చెప్పాలంటే అది మొదట్లో మాది కాదు, బందరోళ్ళది. డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య బందరులో వైద్యం మానేసి కాంగ్రెసులో దిగినాయన. 1923 నవంబరు 20న రిజిస్టరు చేయించి, 28న వ్యాపారం మొదలెట్టినాడు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. ఈ రోజు తిరుపతి బైపాసులో లక్షకు ఎన్ని గజాలొస్తాయో మీరే లెక్కేసుకోండి. ఇంకా ఆగకుండా ఆంధ్రా ఇన్సూరెన్సు, భారతలక్ష్మీ బ్యాంకు. 1939లో త్రిపురి కాంగ్రెసు అధ్యక్ష ఎన్నికలో సుభాస్ బోసు చేతిలో ఓడిపోయింది ఈయనే. ఆయన ఓటమిని గాంధీగారు తన ఓటమి అనుకున్నారు. చరిత్ర పుస్తకాల్లో పాపం ఆ ఓటమి దగ్గరే ఆయన్ను ఆపేస్తారు. ఓడిపోయినాయన పెట్టిన బ్యాంకు మాత్రం 96 ఏళ్ళకు పైగా నడిచింది.

1969కి ముందర స్టేట్ బ్యాంకు, దాని పిల్ల బ్యాంకులు తప్ప మిగతా బ్యాంకులన్నీ షేర్‌హోల్డర్లవి. షేర్‌హోల్డరంటే ఊళ్ళో పెద్ద వకీలో, బియ్యం మిల్లు ఆసామో. అప్పు ఎవరికి? వాళ్ళకూ, వాళ్ళ వియ్యంకులకూ. వేరుశనక్కాయ వేసిన రైతు బ్యాంకు గడప తొక్కితే బంట్రోతే వెనక్కి పంపించేవాడు. ఆడోళ్ళకు ఖాతా అంటే అరుదే. రైతు దారి వడ్డీ వ్యాపారి ఇంటికి, నూటికి మూడు రూపాయల నెల వడ్డీకి. మా రోజుల్లో అంతా బంగారం అని నేను అనను. అనేవాళ్ళు ఆ రోజుల్లో మండీ ఆసాములయ్యుంటారు.

1969 జులై 19న ఇందిరాగాంధీ 50 కోట్లకు పైన డిపాజిట్లున్న 14 బ్యాంకుల్ని జాతీయం చేసింది. ఇండియన్ బ్యాంకు ఆ పద్నాలుగింటిలో ఒకటి. ఆంధ్రా బ్యాంకు అంత పెద్దది కాదు గనక బయటే ఉండిపోయింది. ఆ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టింది మన వరాహగిరి వెంకటగిరి. అప్పుడాయన తాత్కాలిక రాష్ట్రపతి. సంతకం పెట్టి, మర్నాడు రాజీనామా చేసి, రాష్ట్రపతి ఎన్నికకు నిలబడినాడు. ఆయన మీద కాంగ్రెసు నిలబెట్టింది ఎవర్ని? మా రాయలసీమాయన్ని, అనంతపురం జిల్లా ఇల్లూరు నీలం సంజీవరెడ్డిని. ఇందిరమ్మ గిరిని గెలిపించింది, సంజీవరెడ్డి ఓడినాడు, కాంగ్రెసు నిలువునా చీలింది. ఆ గొడవలో బ్యాంకుల జాతీయీకరణే పెద్ద ఆయుధం. 1970 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేస్తే, నాలుగు రోజులకే మళ్ళీ ఆర్డినెన్సు. రెండోసారీ సంతకం గిరిదే.

అసలు కథ ఆ తర్వాత ఉంది. 1977లో సంజీవరెడ్డి పోటీ లేకుండా రాష్ట్రపతి అయినాడు. 1980 జనవరిలో ఇందిరమ్మ మళ్ళీ ప్రధాని. ఆ ఏడు ఏప్రిల్ 15న 200 కోట్లకు పైన డిపాజిట్లున్న ఇంకో ఆరు బ్యాంకుల్ని జాతీయం చేస్తా ఆర్డినెన్సు. ఆ ఆరింటిలో ఆంధ్రా బ్యాంకుంది. రాష్ట్రపతి సంతకం ఎవరిది? సంజీవరెడ్డిదే! ఏ గొడవలో తాను ఓడిపోయినాడో, ఆ గొడవ రెండో భాగం మీద ఆయన చేతే సంతకం పెట్టించింది కాలం. మండీలో ఆ రోజు పేపరు చదువుతా ఒక ఆసామి విరగబడి నవ్వినాడు. ఆయన నవ్వింది సంజీవరెడ్డిని తలుచుకొని. తన షేర్లకు సర్కారు ఎంత కడుతుందో తెలిసినాక నవ్వడం ఆపేసినాడు.

సర్కారు బ్యాంకు అయినాక మాకు ఏం మారింది? మేనేజరు బైకేసుకొని పల్లెకు పోవడం మొదలెట్టినాడు. పంటరుణాలు, బోరు లోన్లు, ఎనుముల లోన్లు. జనార్దన పూజారి కేంద్రంలో మంత్రిగా ఉన్నప్పుడు లోను మేళాలు పెట్టినారు. మైదానంలో షామియానా వేసి, మైకులో పేరు పిలిచి అప్పు చేతిలో పెట్టేది. ఒకే ఎనుమును నలుగురి ఇళ్ళ ముందర కట్టి నలుగురికి లోను తెచ్చిన దళారుల కథలు ప్రతి ఊళ్ళోనూ ఉంటాయి. తనిఖీకి వచ్చిన ఫీల్డాఫీసరుకు ఆ ఎనుము బాగా చనువైపోయి తల ఊపేదని మా వాళ్ళు చెప్పుకొనేవాళ్ళు. అయినా, అప్పటిదాకా సంతకం కూడా రాని మనిషి వేలిముద్ర వేసి బ్యాంకు అప్పు తెచ్చుకున్నది అప్పుడే. ఇది కాదనేవాడు పల్లె చూడలేదు.

ఆంధ్రా బ్యాంకు చురుకైన బ్యాంకు. క్రెడిట్ కార్డు అంటే దేశంలో చాలామందికి తెలీని 1981లోనే కార్డు తెచ్చింది. మాకు అది దేనికి పనికొస్తుందో అర్థం కాలేదనుకోండి. ఇండియన్ బ్యాంకు మాత్రం 1995-96లో 1,300 కోట్ల పైచిలుకు నష్టం చూపించింది. ఆ రోజు మా జిల్లా అంతా గుండెలు బాదుకుంది, కానీ ఒక్కరూ డిపాజిట్టు తీసుకోవడానికి లైను కట్టలేదు. సర్కారుది గదా, యాడికి పోతుంది అనుకున్నారు. దొరల కొట్టు మునిగినప్పటికీ దీనికీ తేడా అంతా అక్కడే ఉంది. సర్కారు డబ్బు పోసి నిలబెట్టింది. పోసింది మన పన్నులేనని మేనల్లుడు గుర్తు చేస్తాడు. నిజమే, వాడు చెప్పేవన్నీ నిజాలే, అందుకే వాడితో మాట్లాడబుద్ధి కాదు.

తర్వాత కొంచెం కొంచెం అమ్మడం మొదలెట్టినారు. 2001లో ఆంధ్రా బ్యాంకు షేరు పది రూపాయలకు జనానికి ఇచ్చినారు. 2007లో ఇండియన్ బ్యాంకు షేరు 91 రూపాయలకు. ఆ 2007లోనే స్టేట్ బ్యాంకులో రిజర్వు బ్యాంకుకున్న వాటాను కేంద్రం కొనేసింది. అంటే 1955 నుంచి అంతకాలం మనం సర్కారు బ్యాంకనుకున్నది, కాగితం మీద రిజర్వు బ్యాంకుది. రిజర్వు బ్యాంకు కూడా 1935లో పుట్టినప్పుడు ప్రైవేటు షేర్‌హోల్డర్లదే, 1949లో సర్కారుదైంది. కోమట్లు బెంగుళూరులో 1930లో పెట్టుకున్న వైశ్యా బ్యాంకు డచ్చోళ్ళ ఐఎన్‌జీ చేతికి పోయి, 2015లో కోటక్‌లో కలిసింది. చిత్తూరు బజారులో "మన వైశ్యా బ్యాంకు" అనేవాళ్ళు ఆమ్‌స్టర్‌డాం ఎక్కడుందో ఎప్పుడూ చూడలేదు.

2019 ఆగస్టు 30న ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ పది బ్యాంకుల్ని నాలుగు చేస్తామని చెప్పింది. తెలుగింటి కోడలే. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు రెండూ పోయి ముంబయి యూనియన్ బ్యాంకులో కలవాల. ఆంధ్రా బ్యాంకు షేర్లు వెయ్యి ఉన్నోళ్ళకు యూనియన్ బ్యాంకు షేర్లు 325. ఉద్యోగులు నల్లబ్యాడ్జీలు పెట్టినారు, నాయకులు ఆంధ్రా పేరన్నా ఉంచమని ఉత్తరాలు రాసినారు. విలీనం నాటికి దేశమంతా లాక్‌డౌను. తిరుమలలో దర్శనాలు కూడా ఆగిపోయి, జనం ఇళ్ళల్లో తలుపులేసుకొని కూర్చున్న వారంలో ఆంధ్రా బ్యాంకు కథ ముగిసింది. అరవడానికి బయటికి రావడానికీ లేదు. కావాలని చేసినారని నేను అనను. కానీ మండీలో రేటు పడగొట్టాలనుకున్నోడు కూడా ఇంత మంచి రోజు ఎంచుకోలేడు.

అదే రోజు అలహాబాదు బ్యాంకు వచ్చి మా ఇండియన్ బ్యాంకులో కలిసింది. మావాళ్ళకు సంతోషమే, మన పేరు నిలిచింది గదా అని. గంగ ఒడ్డునుండే పెద్దమనిషి ఎవరో ఆ రోజు నాలాగే గొణుక్కొని ఉంటాడు.

"నువ్వే ఓనరు గదా మామా" అంటాడు మేనల్లుడు. "యూనియన్ బ్యాంకులో గానీ ఇండియన్ బ్యాంకులో గానీ ఇంచుమించు 74 శాతం కేంద్ర ప్రభుత్వానిది. ప్రభుత్వం అంటే ప్రజలు. 51కి తగ్గకూడదని చట్టమే ఉంది."

"ఓనరునైతే కౌంటరు మీద పెన్నుకు తాడు ఎందుకు కట్టినార్రా?"

"ఓనర్లు 140 కోట్ల మంది. తాడు కట్టకపోతే ఎట్లా?"

మా ఊరి టౌను బ్యాంకు నయం. సహకార బ్యాంకు, సభ్యుడికి ఒక ఓటు. ఎన్నికలొస్తే పార్టీలు, జీపులు, కరపత్రాలు, కార్పొరేషను ఎన్నికలకు ఏం తీసిపోదు. దొంగ ఓట్ల గోల కూడా ఉంటుంది, ఒప్పుకుంటా. కానీ డైరెక్టరు సాయంత్రం టీకొట్టు కాడ దొరుకుతాడు.

తిరుపతిలో ఉండి బ్యాంకుల గురించి రాస్తా స్వామిని వదిలేస్తే కుదరదు. 2022లో దేవస్థానం వేసిన శ్వేతపత్రం ప్రకారం స్వామి పేరున బ్యాంకుల్లో పది టన్నులకు పైగా బంగారం, 15 వేల కోట్లకు పైగా నగదు డిపాజిట్లు ఉన్నాయి. 2019 ఏప్రిల్ 17న, తమిళనాడులో పోలింగుకు ముందురోజు, తిరువళ్ళూరు జిల్లాలో ఎన్నికల తనిఖీ వాళ్ళు ఒక బండి ఆపితే అందులో 1,381 కిలోల బంగారం. గడువు తీరినాక పంజాబ్ నేషనల్ బ్యాంకు తిరిగి దేవస్థానానికి పంపిస్తున్న స్వామి బంగారం అది. ఇది ఎవరిది అని అందరూ అడిగితే, మా ఖజానాకు చేరేదాకా బాధ్యత బ్యాంకుదే అని దేవస్థానం చెప్పింది. రోడ్డు మీద కొంతసేపు అంత బంగారానికి సొంతదారు ఎవరో తేలలేదు. ఈ గొడవ స్వామికి అప్పు ఇచ్చిన కుబేరుడితో ఎప్పుడూ రాలేదు. పద్మావతమ్మ పెళ్ళికి ఇచ్చినాడు, వడ్డీ తీసుకుంటానే ఉన్నాడు. ఏ యుగంలోనూ ఆయన ఇంకో దేవుడిలో విలీనం కాలేదు.

ఆఖరికి మా చిత్తూరుకే సొంతంగా ఒక బ్యాంకు మిగిలి ఉండేది. ఇండియన్ బ్యాంకు చేయి పట్టుకొని పెంచిన శ్రీ వేంకటేశ్వర గ్రామీణ బ్యాంకు. 2006లో కృష్ణా జిల్లా వైపు ఉన్న కనకదుర్గ గ్రామీణ బ్యాంకును దీంతో కలిపి సప్తగిరి గ్రామీణ బ్యాంకు అన్నారు. స్వామి పేరు పోయి కొండల పేరొచ్చింది, సర్దుకున్నాం. హెడ్డాఫీసు చిత్తూరే. రైతుకు కోపమొస్తే బస్సెక్కి చిత్తూరొచ్చి ఛైర్మను గది ముందర కూర్చునేవాడు. 2025 మే 1 నుంచి రాష్ట్రంలో నాలుగు గ్రామీణ బ్యాంకులూ కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు చేసినారు. హెడ్డాఫీసు అమరావతి, స్పాన్సరు యూనియన్ బ్యాంకు. కేంద్రానిది 50 శాతం, స్పాన్సరుది 35, రాష్ట్రానిది 15. పుంగనూరు పక్కన టమాటా వేసిన రైతు అరవాలంటే సగం ఢిల్లీలో, మూడో వంతుకు కొంచెం ఎక్కువ ముంబయిలో, మిగిలింది అమరావతిలో అరవాల.

మేనల్లుడికి ఇదేమీ పట్టదు. చిన్న బ్యాంకులు పెద్ద అప్పులు ఇవ్వలేవు, మొండి బాకీలొస్తే తట్టుకోలేవు, కంప్యూటర్ల ఖర్చు మోయలేవు అని లెక్కలు చెప్తాడు. లెక్క తప్పని నేను అనను. మండీలు కూడా అట్లే కలిసిపోయినాయి, చూసినాను.

పేపర్లో మళ్ళీ విలీనాల వార్తలు వస్తా ఉన్నాయి. ఏవి ఏవిట్లో కలుస్తాయో రోజుకొకరు రాస్తా ఉన్నారు. స్టేట్ బ్యాంకు ఆఫ్ హైదరాబాదు పోయింది 2017 ఏప్రిల్ 1న, విజయా బ్యాంకు 2019 ఏప్రిల్ 1న, ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న. పోయిన వారం చెక్కుబుక్కు అయిపోతే బ్యాంకుకు పోయినా. యాభై ఆకులదా, ఇరవై అయిదుదా అని అడిగింది ఆ అమ్మాయి. మార్చి దాకా లెక్కేసి, ఇరవై అయిదు చాలమ్మా అన్నా.